మడి మడికీ మారే దిగుబడి

కొత్త వరి వంగడం మంచిదో కాదో తేల్చాలంటే ఒక మడిలో దాన్ని, పక్క మడిలో పాతదాన్ని వేసి కాటా పెడితే సరిపోతుందని చాలామంది అనుకుంటారు. గోదావరి డెల్టా రైతు ఆ మాట నమ్మడు. బోదె దగ్గర చేను ఒకలా ఉంటుంది, నీరు నిలిచే పల్లపు మూల మరొకలా ఉంటుంది. నిరుడు గడ్డివామి వేసిన చోట పైరు నల్లగా ఎదుగుతుంది. కొత్త వంగడం ఆ మూలన పడితే ఘనత దానిదా, నేలదా?

ఈ చిక్కు ముడి మొదట విప్పింది బార్లీ, గోధుమ చేలలోనే. 1899లో డబ్లిన్‌లోని గిన్నిస్ బీరు కంపెనీలో చేరిన గణాంక నిపుణుడు గాసెట్, ఐర్లండ్ రైతుల పొలాల్లో బార్లీ రకాలను పోల్చే పనిలో తలమునకలయ్యాడు. కొద్దిపాటి లెక్కల నుంచి ఎంతవరకు నమ్మకంగా చెప్పవచ్చో తేల్చే పద్ధతిని 1908లో ‘స్టూడెంట్’ అనే మారుపేరుతో ప్రచురించాడు. 1919లో ఇంగ్లండ్‌లోని రోథామ్‌స్టెడ్ వ్యవసాయ పరిశోధన కేంద్రానికి వచ్చిన మరో గణాంక నిపుణుడు ఫిషర్, అక్కడ ఏళ్ల తరబడి పోగుపడిన గోధుమ దిగుబడుల చిట్టాలను తిరగేశాడు. పొలాన్ని బ్లాకులుగా విడగొట్టి, ప్రతి బ్లాకులోనూ అన్ని రకాలను వేసి, ఏ రకం ఏ మడిలో పడాలో చీటీ తీసి నిర్ణయించాలన్నాడు. అలా చేస్తే నేల చూపే పక్షపాతం ఏ ఒక్క రకానికీ కలిసిరాదు.

పశ్చిమ గోదావరి జిల్లా మార్టేరులో 1925 నుంచి నడుస్తున్న వరి పరిశోధన కేంద్రం పుట్టించే వంగడాలకూ ఇదే పరీక్ష. కోతనాడు గట్టు పక్క సాళ్లను వదిలేసి లోపలి దుబ్బులనే లెక్కలోకి తీసుకుంటారు. అంచు దుబ్బులకు ఎండ, గాలి ఎక్కువగా తగిలి అబద్ధపు దిగుబడి చూపిస్తాయి. గింజలో తేమను కొలిచి, అన్ని మడుల బరువులనూ ఒకే తేమ శాతానికి సరిచేస్తారు. పైకి చిన్న పనులే అయినా పరీక్ష పరువంతా వీటి మీదే నిలుస్తుంది.

ఒక్క ఊరి ఫలితం మరో ఊరికి చెల్లదు. చలిలో నిదానంగా గింజ కట్టే పంజాబు గోధుమను డెల్టాలో వేస్తే వేడికి గింజ నొక్కులు పడుతుంది. అందుకే గోధుమ పరీక్షలకు దేశాన్ని వాతావరణాన్ని బట్టి మండలాలుగా విభజించారు. వరికి 1965లో హైదరాబాదు కేంద్రంగా అఖిల భారత సమన్వయ పథకం మొదలైంది. ఒకచోట మొదటి స్థానంలో నిలిచిన రకం ఇంకోచోట అడుగున పడటం మామూలే. దేశమంతటి సగటు చూసి వంగడాన్ని ఎంచుకోవడం నాకు ప్రమాదకరంగా తోస్తుంది. మన పల్లపు చేలో సగటు అనేది పండదు.

వశిష్ఠ, మసూరి రకాల సంకరంతో మార్టేరులో పుట్టి 1982లో విడుదలైన స్వర్ణ కథే చూడండి. దాదాపు 150 రోజుల ఈ పంట ఒడిశా, బెంగాల్ పల్లపు భూములకూ పాకింది. పూర్తిగా నీట మునిగితే మాత్రం వారం దాటి బతకదు. ఒడిశా నాటురకం నుంచి వచ్చిన, ముంపును తట్టుకునే సబ్1 జన్యువును ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ స్వర్ణలోకి చేర్చింది. అలా తయారైన స్వర్ణ-సబ్1 మన దేశంలో 2009లో విడుదలైంది. ఇది రెండు వారాల వరకు ముంపును తట్టుకుంటుంది. మరి ముంపు రాని ఏడాది దిగుబడి తగ్గుతుందా? తగ్గదని క్షేత్ర పరీక్షలే తేల్చాయి. ఆ జవాబు లేకుండా ఏ రైతు పాత విత్తనాన్ని వదులుకుంటాడు?

డెల్టా సార్వా (ఖరీఫ్) పంటకు ఇంకా పరీక్షలున్నాయి. దోమ రసం పీల్చి పైరును ఎండబెట్టే దోమపోటు ఒకటి. నవంబరు తుఫానుకు చేను పడిపోయి, కంకి మీదే గింజ మొలకెత్తడం మరొకటి. తుఫాను రాని ఏడాది అన్ని వంగడాలూ మంచివే. కాబట్టి కొన్నేళ్లు ఆగి చూడాలి, ఆ తర్వాత మినీకిట్ అనే చిన్న విత్తన సంచులతో రైతుల సొంత చేలలో చూడాలి. ఆ సంచులు మెరక పొలాలకే పరిమితం కాకుండా మురుగు కాలువ పక్కన కౌలు రైతు సాగుచేసే పల్లపు మడులకూ చేరాలని నేను గట్టిగా కోరుకుంటాను. నీరు ఆఖరున దిగేది అక్కడే.