పచ్చగా ఉన్న కొండకు మళ్లీ మొక్కలెందుకు?

అలిపిరి దాటి బస్సు ఘాట్ రోడ్డు ఎక్కితే కొండంతా పచ్చగానే కనిపిస్తుంది. అయినా తిరుమలలో ఆస్ట్రేలియా తుమ్మను తగ్గించి స్థానిక జాతులు పెంచాలన్న మాట కొన్నేళ్లుగా వినిపిస్తోంది.

శేషాచలానిది ఆకురాల్చే అడవి. వేసవిలో మోడువారినట్టు కనిపించడం దాని స్వభావమే గాని రోగం కాదు. గత శతాబ్దం చివరి దశకాల్లో కొండ మీద మొక్కలు నాటినవారికి మాత్రం అది లోపంగా తోచి ఉండాలి. రాతినేలలోనూ త్వరగా ఎదిగి, ఏడాది పొడవునా ఆకుతో ఉండే ఆస్ట్రేలియా తుమ్మ వారికి నచ్చింది. దాని దళసరి ఆకు రాలి, త్వరగా కుళ్లక, నేలను కప్పేస్తుంది. కింద గడ్డి, చిన్న మొక్కలు అంతంత మాత్రమే.

ఆ కాలంలోనే రక్షణ చర్యలూ మొదలయ్యాయి. 1989లో సుమారు 353 చదరపు కిలోమీటర్లలో శ్రీ వేంకటేశ్వర జాతీయ ఉద్యానం ఏర్పడింది. 2010లో 4,700 చదరపు కిలోమీటర్లకు పైగా శేషాచలం జీవావరణ రిజర్వు అయింది. చర్చ మాత్రం ఎప్పుడూ ఎర్రచందనం చుట్టూనే తిరిగింది. 1995లో అది అంతర్జాతీయ వాణిజ్య నియంత్రణ ఒప్పందం సైటిస్ రెండో అనుబంధంలో చేరింది. అంతకన్నా కఠినమైన మొదటి అనుబంధంలో ఉన్నది మన పేరిత. ఈతచెట్టును తలపించే ఈ మొక్క గురించి ఎందరికి తెలుసు?

పేరితలో ఆడ, మగ మొక్కలు వేరు. మగ మొక్క కంకిని మందుకోసం కోసుకుపోతారు. మొక్క బతికే ఉంటుంది కాబట్టి నష్టం కంటికి ఆనదు. పుప్పొడి అందక ఆడ మొక్కకు గింజ పట్టదు, అంతే. కార్చిచ్చు వస్తే ఆకులు కాలినా కాండం మళ్లీ చిగురిస్తుంది. లేతమొక్కలకు ఆ బలం లేదు. 2014 మార్చిలో మంటలు ఆర్పడానికి హెలికాప్టర్లు రావలసి వచ్చింది. అప్పుడు అందరూ చెట్ల గురించే మాట్లాడారు, కింద మాడిన మొలకలను ఎవరు లెక్కపెడతారు?

ఇప్పుడు తుమ్మ తీసినంత మాత్రాన పాత అడవి తిరిగి రాదు. ఒక్కసారిగా నరికితే వానకు వాలు మీద మట్టి కోసుకుపోతుంది. ఎర్రచందనం నర్సరీలో బాగానే పెరుగుతుంది, నరికిన మొదలు నుంచీ చిగురిస్తుంది. కానీ తెల్లకరక, మొగి, కొండ సాంబ్రాణి, తంబ వంటి స్థానిక చెట్లు కూడా పక్కన ఉంటేనే అది శేషాచలం అడవి. వీటిలో తంబ గింజ నిలవ ఉండదు. చెట్టు కింద రాలిన కొద్ది రోజుల్లోనే ఏరి మట్టిలో పెట్టాలి.