ఈఆర్‌పీ కొన్నంత మాత్రాన నిల్వలు తగ్గవు

"సాఫ్ట్‌వేర్ పెట్టి ఏడాదైంది. స్టోర్సులో సరుకు ఇంకా పెరిగింది. మరో మాడ్యూల్ కొనమంటారా?" అని విడిభాగాలు తయారుచేసే ఒక యజమాని నన్ను అడిగారు. ఆయన చెబుతున్నది ఈఆర్‌పీ గురించి: కొనుగోళ్లు, నిల్వలు, ఉత్పత్తి లెక్కలన్నీ ఒకేచోట చూసే సాఫ్ట్‌వేర్. మాడ్యూల్ అంటే దానికి అదనంగా కొనే భాగం. వెళ్లిన ప్రతి చోటా ఇదే ప్రశ్న.

అపోహ: డిజిటల్ వ్యవస్థ వస్తే నిల్వలు వాటంతట అవే తగ్గుతాయి.

తగ్గవు. కావలసిన సంఖ్యలోంచి చేతిలో ఉన్నదీ, ఆర్డరు పెట్టినదీ తీసేసి, మిగిలినది కొనమని చెప్పడమే నిల్వల విషయంలో ఈఆర్‌పీ చేసే పని. ఆయన తెర మీద 400 బేరింగులున్నాయి, ర్యాకులో లెక్కపెడితే 260. వారమంతా స్లిప్పుల మీద ఇచ్చిన సరుకును శనివారం ఒకేసారి ఎక్కిస్తున్నారు. తెర మీద ఉందనుకున్న సరుకు ర్యాకులో లేక బుధవారం ఉత్పత్తి లైను ఆగింది. ఆ భయంతో కొనుగోలు విభాగం సేఫ్టీ స్టాకును (అవసరానికి అదనంగా ఉంచే సరుకును) రెట్టింపు చేసింది. సరుకు పెరగక ఏమవుతుంది?

అసలు కుప్ప ప్రెస్సు షాపులో ఉంది. డై (ముక్కకు ఆకారమిచ్చే అచ్చు) మార్చడానికి మూడు గంటలు పడుతుంటే ఎవరూ 200 ముక్కలు కొట్టి దించరు, 5,000 కొట్టి పెట్టుకుంటారు. నేను గడియారం పట్టుకుని నిలబడి చూశాను. యంత్రం ఆపాక పక్క షెడ్డు నుంచి డై తెస్తున్నారు, బోల్టుకో కొలత కావడంతో స్పానర్ల కోసం వెతుకుతున్నారు. డై ముందే తెచ్చిపెట్టి, బోల్టులన్నీ ఒకే కొలతకు మారిస్తే అదే పని 50 నిమిషాలకు దిగింది. అప్పుడే చిన్న లాట్లు సాధ్యమయ్యాయి. దీనికి ఏ మాడ్యూలూ కొనలేదు.

అపోహ: లీన్ (వృథాను తగ్గించే ఉత్పత్తి పద్ధతి) అంటే సున్నా నిల్వ.

ఈ పద్ధతికి పుట్టినిల్లయిన టొయోటాయే జపాన్‌లో 2011 భూకంపం తర్వాత రెండు నుంచి ఆరు నెలలకు సరిపడా చిప్‌లు ఉంచమని సరఫరాదారులను కోరింది.

అపోహ: కంప్యూటర్లోకి ఎక్కితే ఇక ఆగదు.

ఒక సరఫరాదారుపై సైబర్ దాడి జరగడంతో 2022 మార్చి 1న జపాన్‌లో టొయోటా 14 ప్లాంట్లు ఆగాయి. 2023 ఆగస్టులో విడిభాగాల ఆర్డర్ల సర్వర్లలో డిస్కు నిండి మళ్లీ ఆ 14 ప్లాంట్లూ ఆగాయి. ఒక రోజు కాగితం మీద నడిపే పద్ధతి దగ్గర ఉంచుకోండి.

చివరి రోజున స్టోర్ కీపరు నెమ్మదిగా, "మా ఉద్యోగాలు పోతాయా సార్?" అని అడిగారు. యజమాని తరఫున నేను హామీ ఇవ్వలేను. ఆ 400కూ 260కీ మధ్య తేడా ఎందుకొచ్చిందో అక్కడ తెలిసింది మాత్రం ఆయనకొక్కరికే. ఆ మాట యజమాని ముందే చెప్పాను. సరుకు ఇచ్చినప్పుడే కంప్యూటర్లోకి ఎక్కేలా స్కానరును సరుకిచ్చే కిటికీ దగ్గరకు మార్పించాం. ఇప్పుడాయన రోజూ ఉదయం పది వస్తువులు లెక్కపెట్టి, తెరతో పోల్చి, తేడా వస్తే పక్కన కారణం రాస్తున్నారు.