రెంబ్రాంట్ బొమ్మల వెనక పంచదార డబ్బు

2019 సెప్టెంబరులో ఆమ్‌స్టర్‌డామ్ మ్యూజియం ఇకమీదట తమ దేశపు 17వ శతాబ్దాన్ని 'స్వర్ణయుగం' అనబోమని చెప్పేసింది. నెదర్లాండ్స్‌లో పెద్ద గొడవే అయింది. రెంబ్రాంట్, వెర్మీర్ బొమ్మలు వేసిన కాలాన్ని పట్టుకుని ఇదేం మాట అని జనం మండిపడ్డారు, అప్పటి ప్రధాని మార్క్ రుట్టె కూడా అర్థంలేని పని అని కొట్టిపారేశారు. నా మటుకు మ్యూజియం వాళ్లు చేసింది సబబే, ఆ వైభవం వెనక బానిసల కష్టం ఉంది మరి.

రెంబ్రాంట్ 1634లో మార్టెన్ సోల్మాన్స్, ఓప్యెన్ అనే కొత్త దంపతుల నిలువెత్తు చిత్రాలు వేశాడు. మార్టెన్ బూట్ల మీద పిడికిలికన్నా పెద్ద లేసు పువ్వులుంటాయి, చూస్తే కళ్లు తిప్పుకోలేం. 2016లో ఫ్రాన్స్, నెదర్లాండ్స్ కలిసి 16 కోట్ల యూరోలు పోసి ఈ జంట చిత్రాలను కొన్నాయి. ఆ లేసుకు డబ్బెక్కడిది? మార్టెన్ తండ్రికి ఆమ్‌స్టర్‌డామ్‌లో పంచదార శుద్ధి చేసే కార్ఖానా ఉండేది. ఆ రోజుల్లో ముడి చక్కెర ఎక్కువగా బ్రెజిల్ నుంచి వచ్చేది, అక్కడ చెరకు నరికిందీ గానుగల దగ్గర రాత్రీపగలూ చచ్చేలా పనిచేసిందీ ఆఫ్రికా నుంచి పట్టుకొచ్చిన బానిసలు.

వెర్మీర్ వేసిన ముత్యపు చెవిపోగు అమ్మాయి బొమ్మ ఉన్న హేగ్‌లోని మారిట్స్‌హౌస్ మ్యూజియం సంగతీ అంతే. ఆ భవనం కట్టించుకున్న యోహాన్ మారిట్స్ 1637 నుంచి 1644 దాకా డచ్చి బ్రెజిల్‌కు, అంటే బ్రెజిల్‌లో నెదర్లాండ్స్‌వాళ్ల (డచ్చివాళ్ల) చేతిలో ఉన్న భాగానికి గవర్నరు. తోటలకు బానిసలు కావాలని 1637లో ఆఫ్రికా తీరంలోని ఎల్మీనా కోట మీదికి ఓడలు పంపించి పట్టుకున్నది ఆయనే.

తూర్పున 1602లో పుట్టిన డచ్చి ఈస్టిండియా కంపెనీ ఇంకా ఘోరం చేసింది. జాజికాయ వ్యాపారం మొత్తం తన గుప్పిట్లోనే ఉండాలని 1621లో ఇప్పటి ఇండోనేషియాలోని బాండా దీవుల మీద పడింది, సుమారు 15,000 మంది ఉన్న చోట ఎక్కువమంది చంపబడ్డారు, ఆకలితో పోయారు, లేదా బానిసలుగా తరలిపోయారు. ఈ కంపెనీ మనకు కొత్తేం కాదు. డచ్చివాళ్లు 1605లోనే మచిలీపట్నంలో దిగారు, మన తీరంలో నేసి అద్దిన గుడ్డలు కొని తీసుకెళ్లి, ఆ దీవుల్లో సుగంధ ద్రవ్యాలకు మారకం వేసేవాళ్లు.

2021లో ఆమ్‌స్టర్‌డామ్‌లోని రైక్స్ మ్యూజియం బానిసత్వం మీద ప్రదర్శన పెట్టి, అందులో మార్టెన్, ఓప్యెన్ చిత్రాలనూ ఉంచింది. 2022 డిసెంబరులో ఆ రుట్టెనే బానిస వ్యాపారానికి ప్రభుత్వం తరఫున క్షమాపణ చెప్పారు, 2023 జులై 1న రాజు కూడా చెప్పారు.