డ్రోన్ రెక్కలు కోస్తాయా? మనుషుల గురించి, పక్షుల గురించి కొన్ని అపోహలు - వాస్తవాలు

పెళ్లిళ్లలో డ్రోన్ ఎగరేయడం, ఖాళీ దొరికితే ఎఫ్‌పీవీ డ్రోన్లు (కళ్లద్దాల్లో డ్రోన్ కెమెరా దృశ్యం చూస్తూ ఎగరేసేవి) బిగించుకోవడం, పడి విరిగినవి ఎవరైనా తెస్తే బాగు చేసి పెట్టడం, ఇదీ నా పని. మండపం దగ్గర నాకు రెండు రకాల జనం తగులుతారు. ఒకరు "బొమ్మే కదా" అంటూ దిగుతున్న డ్రోన్‌కి చెయ్యి అడ్డం పెడతారు, ఇంకొకరు వంద మీటర్ల ఎత్తులో ఉన్నదాన్ని చూసి పిల్లల్ని లోపలికి లాక్కెళతారు. నిజానికి భయపడాల్సింది పైన ఉన్నప్పుడు కాదు, మనకి చెయ్యందే దూరంలో ఉన్నప్పుడు.

"ప్లాస్టిక్ రెక్కే కదా, వేలు తగిలితే ఆగిపోతుంది"

ఆగదు. డీజేఐ కంపెనీ ఫాంటమ్ సైజు డ్రోన్ రెక్క ఈ కొస నుంచి ఆ కొసకి సుమారు 24 సెంటీమీటర్లు, గాల్లో కదలకుండా నిలబడినప్పుడు నిమిషానికి 5,500 సార్లు తిరుగుతోందనుకుంటే దాని కొస వేగం గంటకు దాదాపు 250 కిలోమీటర్లు. ఐదంగుళాల ఎఫ్‌పీవీ రెక్క చూడ్డానికి ఇంకా చిన్నది, కానీ అది నిమిషానికి 25,000 సార్లు తిరిగినప్పుడు కొస వేగం గంటకు 600 కిలోమీటర్లకు దగ్గరగా వెళ్తుంది. ఆ వేగంలో పల్చటి ప్లాస్టిక్ అంచు చర్మాన్ని మాత్రమే కాదు, కింద ఉన్న నరాన్ని కూడా కోస్తుంది.

చాలామందికి తెలియని సంగతి ఇంకొకటుంది. టేబుల్ ఫ్యాన్‌లో వేలు పెడితే అది ఓడిపోయి నెమ్మదిస్తుంది. డ్రోన్ అలా కాదు, దాని లోపల ఫ్లైట్ కంట్రోలర్ ఉంది, అంటే డ్రోన్‌ని నిలకడగా ఉంచే చిన్న కంప్యూటర్. మీరు చేత్తో పట్టుకుని ఒక పక్కకి వంచారంటే అది "పడిపోతున్నాను" అనుకుని, నిటారుగా నిలబడ్డానికి కిందికి వంగిన వైపు మోటార్లకి ఇంకా ఎక్కువ కరెంటు పంపిస్తుంది. అందుకే డ్రోన్ పట్టుకుంటే పెనుగులాడినట్టుంటుంది. 2015లో పాటగాడు ఎన్రికే ఇగ్లేసియస్ మెక్సికోలోని టిహువానాలో కచేరీ చేస్తూ, వేదిక మీద ఎగురుతున్న కెమెరా డ్రోన్‌ని చేత్తో పట్టుకోబోయి వేళ్లు కోసుకున్నాడు, సర్జరీ చేయాల్సి వచ్చింది.

నేను చూసినంతలో ఎఫ్‌పీవీ వాళ్లకి దెబ్బలు ఎక్కువగా తగిలేది ఎగరేసేటప్పుడు కాదు, టేబుల్ మీద. కంప్యూటర్‌కి కలిపి, బ్యాటరీ పెట్టి, మోటార్ ఏ వైపు తిరుగుతోందో చూద్దామని రెక్కలు విప్పకుండా మొదలుపెడతారు. ఆ "ఒక్క నిమిషం పనే కదా"లోనే కుట్లు పడతాయి. నా షాపులో నియమం ఒకటే: బ్యాటరీ పెట్టాలంటే ముందు రెక్కలు విప్పాలి, ఎంత తొందరున్నా సరే.

ఇవన్నీ ప్లాస్టిక్ సంగతులు. పొలాల్లో మందు కొట్టే డ్రోన్లకి సాధారణంగా కార్బన్ ఫైబర్ రెక్కలుంటాయి, అవి ప్లాస్టిక్‌లా తేలిగ్గా వంగవు. వాటి దగ్గర నిలబడి సెల్ఫీలు దిగడం మానేయండి.

"250 గ్రాముల లోపుది, ఏమీ కాదు"

మన దేశంలో 2021 డ్రోన్ రూల్స్ ప్రకారం 250 గ్రాముల వరకు నానో రకం, దానికి పైలట్ సర్టిఫికెట్ అక్కర్లేదు. దాన్ని పట్టుకుని జనం "సర్టిఫికెట్టే అక్కర్లేదంటే ప్రమాదమే లేదన్నమాట" అనుకుంటున్నారు. బరువు తగ్గితే మీద పడ్డప్పుడు దెబ్బ తగ్గుతుంది, రెక్క పదును తగ్గదు. అమెరికాలో మనుషుల మీదుగా ఎగరేయడానికి అక్కడి విమానయాన నియంత్రణ సంస్థ ఎఫ్‌ఏఏ పెట్టిన నిబంధన చూడండి: దాదాపు 250 గ్రాముల లోపు ఉంటే సరిపోదు, చర్మాన్ని కోసేలా తిరిగే భాగాలు బయటికి కనిపించకూడదు కూడా. అంటే ఆ చిన్నదానికి కూడా రెక్కల చుట్టూ గార్డ్ ఉండాల్సిందే.

చర్మం కోసుకుంటే కుట్లు వేస్తారు, కంటికి అలా కాదు. 2015లో ఇంగ్లండ్‌లో తెలిసినాయన ఎగరేసిన డ్రోన్ చెట్టుకి తగిలి అదుపు తప్పి ఏడాదిన్నర పిల్లవాడి ముఖం మీదికి వచ్చింది, రెక్క తగిలి ఒక కన్ను పోయింది. ఎగరేసినాయనకి అనుభవం ఉంది. చెట్టుకి ఆ సంగతి తెలియదు కదా. అందుకే పెళ్లిలో వధూవరుల చేతికి డ్రోన్‌తో దండలు తెప్పించే షాట్ అడిగితే నేను ఒప్పుకోను. పైట కొంగు, విరబోసుకున్న జుట్టు, పైనుంచి వేలాడే పూలు, చుట్టూ పిల్లలు... ఎంత డబ్బిచ్చినా టెన్షనే.

"సెన్సర్లున్నాయి, మనిషి ఎదురొస్తే అదే ఆగుతుంది"

గోడ ముందు ఆగుతుంది, నిజమే. వేలు, వెంట్రుక, సన్నటి కొమ్మ, కరెంటు తీగ దానికి సరిగా కనపడవు. వేగంగా ఎగరడానికి పెట్టే స్పోర్ట్ మోడ్‌లో చాలా డ్రోన్లకి ఆ ఆగే పనే ఉండదు.

"పై నుంచి పడితే మనిషి చచ్చిపోతాడు"

చిన్న డ్రోన్ల విషయంలో ఈ భయం కాస్త ఎక్కువే. 2017లో ఎఫ్‌ఏఏ కోసం అమెరికా విశ్వవిద్యాలయాలు చేసిన పరీక్షల్లో, అదే బరువున్న చెక్క, ఇనుప ముక్కల కంటే డ్రోన్ చేసే దెబ్బ తక్కువని తేలింది. గాలి దాన్ని అడ్డుకుంటుంది, తగిలినప్పుడు ప్లాస్టిక్ వంగి విరిగి కొంత దెబ్బని తనే తీసుకుంటుంది. అలాగని జనం నెత్తిన ఎగరేయొద్దు. పెద్ద రిమోట్ హెలికాప్టర్ బొమ్మల సంగతి పూర్తిగా వేరు, 2013లో న్యూయార్క్‌లో 19 ఏళ్ల కుర్రాడు తన రిమోట్ హెలికాప్టర్ రెక్క తలకి తగిలి చనిపోయాడు.

"పక్షుల్ని ముక్కలు చేసేస్తుంది" / "పక్షులకేం కాదు, అవే దూరంగా పోతాయి"

రెండూ వింటాను, రెండూ సరి కాదు. ఎగిరే పక్షి చాలాసార్లు తప్పించుకుంటుంది. గద్ద లాంటిదైతే పైనుంచి దిగి కాళ్లతో తంతుంది. 2020లో అమెరికాలోని మిషిగన్‌లో ఒక డేగ ప్రభుత్వ డ్రోన్ రెక్కని ఊడగొట్టి, డ్రోన్‌ని సరస్సులో పడేసి దర్జాగా ఎగిరిపోయింది. కానీ ప్రతి పక్షికీ అంత అదృష్టం ఉండదు, రెక్క ఈకలు తెగిన పక్షి చావకపోయినా దానికి వేటాడే శక్తి ఉండదు. కాకుల గుంపు గానీ గద్ద గానీ నా డ్రోన్ చుట్టూ తిరగడం మొదలుపెడితే దింపేస్తాను, పెళ్లివాళ్లు ఏమనుకున్నా సరే. దగ్గర్లో గూడు ఉండే ఉంటుంది.

నా లెక్కలో పెద్ద నష్టం రెక్క తగలడం వల్ల కాదు, భయం వల్ల. 2021 మేలో కాలిఫోర్నియాలోని బోల్సా చీకా అభయారణ్యంలో డ్రోన్ ఒకటి గూళ్ల మధ్య పడింది. ఎలిగెంట్ టెర్న్ అనే సముద్రపు పక్షులు వేల సంఖ్యలో లేచిపోయాయి, సుమారు 1,500 గుడ్లు అలాగే వదిలేసి మళ్లీ రాలేదు. "నా డ్రోన్ వెళ్తే కొంగలు కదల్లేదన్నా" అంటారు కుర్రాళ్లు. కదలకపోతే భయపడలేదని కాదు. 2015లో మిన్నెసోటాలో ఎలుగుబంట్లకి గుండె కొట్టుకోవడం కొలిచే యంత్రాలు పెట్టి చూస్తే, పైకి కదలకుండా ఉన్నవాటికి కూడా డ్రోన్ వచ్చినప్పుడు గుండె వేగం పెరిగింది. అదే ఏడాది పక్షుల మీద చేసిన ప్రయోగంలో, నిట్టనిలువుగా మీదికి దిగే డ్రోన్‌కి అవి ఎక్కువగా బెదిరాయి. మనవాళ్లకి ఇష్టమైన టాప్ షాట్ అదే.

కొల్లేరు, నేలపట్టు, ఉప్పలపాడు లాంటి చోట్ల గూడబాతులు గుడ్లు పెట్టే కాలంలో రీల్ కోసం వెళ్లొద్దు. అభయారణ్యాల్లో అటవీశాఖ అనుమతి లేకుండా ఎగరేస్తే కేసు కూడా అవుతుంది.

ఇంత చెప్పినా దెబ్బ తగిలితే: శుభ్రమైన గుడ్డతో గట్టిగా అదిమి, చెయ్యి పైకెత్తి ఉంచండి. వేలు వంగకపోయినా, మొద్దుబారినా నరమో, వేలిని వంచే తాడు లాంటి టెండనో తెగి ఉండొచ్చు, పసుపు అద్ది ఇంట్లో కూర్చోకుండా ఆస్పత్రికి వెళ్లండి. కంటికి తగిలితే నలపొద్దు, నొక్కొద్దు, పేపర్ కప్పు లాంటిది పైన అడ్డం పెట్టి కంటి ఆస్పత్రికి తీసుకెళ్లండి. పక్షికి తగిలితే గుడ్డ కప్పి చిల్లులు పెట్టిన అట్టపెట్టెలో చీకట్లో ఉంచి అటవీశాఖకి ఫోన్ చేయండి, జాలిపడి నోట్లో నీళ్లు మాత్రం పోయకండి, ఊపిరితిత్తుల్లోకి పోతాయి.