చందా ఎంతన్నది సరే, అడిగింది ఎక్కడ?

1908లో అమెరికా సుప్రీంకోర్టు ముందుకు ఒక చిత్రమైన వాదన వచ్చింది. టెక్సస్‌లోని డల్లాస్ పోస్టాఫీసు ఉద్యోగులకు థేయర్ అనే ఆయన ఉత్తరాలు రాసి రాజకీయ చందా అడిగాడు. ప్రభుత్వ భవనంలో చందా అడగడం నేరమని అప్పటికే చట్టం ఉంది. ఆయన మాత్రం ఆ భవనం గడప తొక్కలేదు, లోపలికి వెళ్ళింది ఉత్తరమే. మరి నేరం ఎక్కడ జరిగినట్టు? ఉద్యోగి ఉత్తరం అందుకుని చదివిన చోటే అడగడం పూర్తయిందని జస్టిస్ హోమ్స్ తీర్పు రాశారు. చందా ఎంత, ఎవరిచ్చారు, లెక్క చూపారా లేదా అన్న ప్రశ్నలు ఆ కేసులో ముఖ్యం కాలేదు. ఎక్కడ అడిగారన్నదే కేసు.

చెన్నైలో ఉండే మనవాళ్ళకు ఈ పాత కేసుతో ఏం పని అంటారా? టీ నగర్‌లో బట్టల కొట్టు ఉన్నా, పెరంబూరులో మెస్ నడిపినా కార్పొరేషన్‌తో పని పడక తప్పదు. ట్రేడ్ లైసెన్సు, ఆస్తి పన్ను, కొట్టు ముందు తవ్వి వదిలేసిన గొయ్యి, ఏదో ఒకటి ఉంటుంది. ఆ పని మీద వార్డు ఆఫీసుకు వెళ్ళినప్పుడు, కౌన్సిలర్ గదిలోనే ఎవరో రసీదు పుస్తకం తీసి, ‘అన్నా, మానాడు (పార్టీ మహాసభ) వస్తోంది, మీరే చూసి రాయండి’ అన్నారనుకోండి. ఎవరూ బెదిరించలేదు. ఫైలు ఆపుతామనీ అనలేదు. అయినా కాదనగలిగే వ్యాపారి ఎంతమంది? అదే మాట మన కొట్టుకొచ్చి అడిగితే, ‘ఓనరు ఊళ్ళో లేరు’ అని ఎలాగోలా తప్పించుకుంటాం. గది మారితే అడిగే మాట బరువు మారుతుంది.

అమెరికాలో ఈ సంగతి బోధపడటానికి ఒక అధ్యక్షుడి ప్రాణం పోవాల్సి వచ్చింది. 19వ శతాబ్దంలో అక్కడ ప్రభుత్వ ఉద్యోగం అంటే గెలిచిన పార్టీ పంచే వరం. వరం ఇచ్చినవాడికి మొక్కు చెల్లించాలి కదా, జీతంలో ఇంత శాతమని పార్టీకి కట్టించేవారు. అధ్యక్షుడు హేస్ 1877లో ఈ వసూళ్ళు ఆపాలని ఉత్తర్వు ఇచ్చినా పెద్దగా ఎవరూ లెక్కచేయలేదు. 1881 జులైలో, ఉద్యోగం రాలేదన్న కక్షతో గిటో అనే మనిషి అధ్యక్షుడు గార్ఫీల్డ్‌ను కాల్చాడు. సెప్టెంబరులో ఆయన చనిపోయారు. ఆ దెబ్బకు 1883 జనవరిలో పెండిల్టన్ చట్టం వచ్చింది. పరీక్షలు పెట్టి ఉద్యోగాలివ్వడంతో పాటు, ప్రభుత్వ పని జరిగే గదుల్లో రాజకీయ చందాలు అడగకూడదన్న నిబంధన కూడా అందులో ఉంది. తర్వాత చాలా నగరాలు, కౌంటీలు తమ భవనాలకు ఇలాంటి నిబంధనలే పెట్టుకున్నాయి.

అయితే చట్టం ఉన్నంత మాత్రాన అంతా సర్దుకోలేదు. 1997లో ఉపాధ్యక్షుడు అల్ గోర్ వైట్‌హౌస్‌లోని తన ఆఫీసు నుంచి ఫోన్లు చేసి చందాలు అడిగిన సంగతి బయటపడింది. తనను అడ్డుకునే చట్టమేదీ ఇక్కడ వర్తించదని ఆయన వాదించారు. అటార్నీ జనరల్ ప్రత్యేక దర్యాప్తు అక్కర్లేదన్నారు. 2002లో ఎన్నికల నిధుల చట్టాన్ని సవరించినప్పుడు, ప్రభుత్వ పని జరిగే గదిలో ఉన్నవాళ్ళను అడిగినా, ఆ గదిలో కూర్చుని బయటివాళ్ళను అడిగినా తప్పేనని తేల్చి రాశారు.

మన దగ్గర కథ వేరే దారిలో నడిచింది. పెండిల్టన్ చట్టం వచ్చిన 1883లోనే, డిసెంబరులో, మద్రాసులో విజయనగరం మహారాజా ఆనంద గజపతిరాజు టౌన్‌హాలుకు శంకుస్థాపన చేశారు. అదే సెంట్రల్ స్టేషన్ పక్కన ఉన్న విక్టోరియా పబ్లిక్ హాలు. స్థలం కార్పొరేషన్‌ది, లీజుకిచ్చింది. కట్టడానికి డబ్బు ఊళ్ళో పెద్దల చందాలతో వచ్చింది. 1916 నవంబరు 20న పిట్టి త్యాగరాయ చెట్టి, టి.ఎం. నాయర్ వంటివారు బ్రాహ్మణేతరుల పార్టీ అయిన జస్టిస్ పార్టీకి అంకురార్పణ చేసిన సభ కూడా అక్కడే జరిగింది. ఇంగ్లిషు, తమిళం, తెలుగు పత్రికలు పెట్టాలని అనుకున్నారు, తెలుగులో ‘ఆంధ్ర ప్రకాశిక’ నడిచింది. పత్రికలంటే డబ్బు, డబ్బంటే చందాలు. త్యాగరాయ చెట్టి తెలుగువారు, అప్పటికే కార్పొరేషన్ సభ్యుడు, తర్వాత దానికి అధ్యక్షుడు. టీ నగర్ పేరు ఆయనదే. కార్పొరేషన్ స్థలంలో రాజకీయం, దానికి చందా అన్నది ఎవరికీ తప్పుగా తోచని కాలం అది. పైగా ప్రజలు గుమిగూడటానికి వేరే చోటు ఎక్కడుంది?

ఆ తర్వాత చందాకు మన దేశంలో ఒక పవిత్రత వచ్చింది. 1921లో బెజవాడలో జరిగిన అఖిల భారత కాంగ్రెస్ కమిటీ (ఏఐసీసీ) సమావేశం తిలక్ స్వరాజ్య నిధికి కోటి రూపాయలు పోగుచేయాలని తీర్మానించింది. ఆడవాళ్ళు గాజులు తీసిచ్చారు. అడిగేది ప్రభుత్వంలో ఉన్నవాళ్ళు కాదు, ప్రభుత్వాన్ని ఎదిరించేవాళ్ళు. అందుకే అడిగే చోటు గురించిన అనుమానం మనకు పుట్టలేదు. స్వాతంత్ర్యం వచ్చి, అడిగేవాళ్ళే కుర్చీలో కూర్చున్నాక కూడా పాత అలవాటే సాగింది.

తర్వాతి చట్టాలన్నీ ఇచ్చేవాడి వెంట పడ్డాయి. టాటా స్టీల్ కేసులో 1957లోనే బొంబాయి హైకోర్టు ప్రధాన న్యాయమూర్తి ఛాగ్లా, కంపెనీల విరాళాలు ప్రజాస్వామ్యానికి ప్రమాదమని హెచ్చరించారు. 1969లో కంపెనీ విరాళాలను నిషేధించారు, 1985లో మళ్ళీ అనుమతించారు. 20,000 రూపాయలు దాటిన విరాళాలకు లెక్క చెప్పాలన్నారు. 2017లో నగదు విరాళం 2,000 దాటకూడదన్నారు, అప్పుడే ఇచ్చినవారి పేరు బయటపడని ఎన్నికల బాండ్లు తెచ్చారు, 2024 ఫిబ్రవరి 15న సుప్రీంకోర్టు వాటిని కొట్టేసింది. ఇంత తతంగంలో ఎక్కడ అడగకూడదన్న ప్రశ్న రాలేదు.

చోటుకు దగ్గరగా వచ్చింది ఎన్నికల ప్రవర్తనా నియమావళి ఒక్కటే. ప్రభుత్వ అతిథి గృహాలను ప్రచార కార్యాలయాలుగా వాడకూడదని, మైదానాలు అన్ని పార్టీలకూ ఒకే షరతులతో ఇవ్వాలని అది చెబుతుంది. కానీ కోడ్ ఎన్నికల సీజనుకే. మానాడు వసూళ్ళు, అధినేత పుట్టినరోజు వసూళ్ళు సీజను చూసుకుని రావు. ఉద్యోగులకైతే ప్రవర్తనా నిబంధనలున్నాయి. కేంద్ర ఉద్యోగుల 1964 నిబంధనల ప్రకారం రాజకీయ ఉద్యమానికి చందా ఇవ్వకూడదు, అనుమతి లేకుండా ఏ నిధీ వసూలు చేయకూడదు. కౌన్సిలర్ ఉద్యోగి కాదు, గెలిచి వచ్చిన ప్రతినిధి. ఆ నిబంధనలు ఆయనకు తగలవు.

చెన్నైలో ఈ లోటు కనబడకపోవడానికి ఇంకో కారణం ఉంది, దీన్ని పెద్దగా ఎవరూ తలుచుకోరు. మస్టర్ రోల్ (కూలీల హాజరు పట్టీ) కుంభకోణం తర్వాత 1973లో కార్పొరేషన్ కౌన్సిల్‌ను రద్దు చేశారు. మళ్ళీ ఎన్నికలు 1996లో. కార్పొరేషన్ ప్రధాన కార్యాలయమైన రిప్పన్ బిల్డింగులో 23 ఏళ్ళు అధికారులే తప్ప కౌన్సిలర్లు లేరు. 2016 నుంచి 2022 దాకా మళ్ళీ అదే పరిస్థితి. భవనంలో ఉద్యోగులే ఉంటే ఉద్యోగుల రూల్సే చాలనిపిస్తుంది. 2022 ఎన్నికలతో 200 వార్డులకూ మళ్ళీ కౌన్సిలర్లు వచ్చారు.

అవినీతి నిరోధక చట్టం ఉంది కదా అని అడగవచ్చు. ఉంది. ఫలానా పని చేసిపెట్టడానికి ఫలానా డబ్బు తీసుకున్నారని రుజువైతే శిక్ష పడుతుంది. రసీదు చింపి ఇచ్చిన పార్టీ చందాకు ఆ ముడి రుజువు చేయడం ఎంత కష్టమో లాయర్లను అడగండి. చోటును బట్టి నిషేధం పెడితే ఈ బాధ లేదు. ఆ గదిలో అడిగారా, లేదా? అంతవరకు తేలితే చాలు.

ఈమధ్య మన కోర్టుల చూపు కూడా చోటు మీదికి మళ్ళుతోంది. 2019లో చెన్నై పల్లికరణైలో ఒక బ్యానర్ మీదపడి స్కూటర్ మీద వెళ్తున్న యువతి చనిపోయాక, రోడ్ల మీది ఫ్లెక్సీల మీద మద్రాసు హైకోర్టు విరుచుకుపడింది. 2025 జనవరిలో మదురై ధర్మాసనం బహిరంగ స్థలాల్లోని పార్టీ జెండా స్తంభాలను 12 వారాల్లో తీసేయాలని, కావాలంటే సొంత స్థలాల్లో పెట్టుకోవాలని చెప్పింది. జెండా కర్రకు వర్తించిన తర్కం రసీదు పుస్తకానికి ఎందుకు వర్తించదన్నది నా సందేహం.

అలాగని గీత మరీ వెడల్పుగా గీస్తే నష్టమే. 2025 అక్టోబరులో కర్ణాటక ప్రభుత్వం, ప్రైవేటు సంస్థలు ప్రభుత్వ స్థలాల్లో కార్యక్రమాలు జరపాలంటే ముందే అనుమతి తీసుకోవాలని ఉత్తర్వు ఇచ్చింది. పది మందికి మించి గుమిగూడాలన్నా అనుమతి కావాలంది. కర్ణాటక హైకోర్టు ధార్వాడ్ ధర్మాసనం ఆ నెలలోనే స్టే ఇచ్చింది. చెన్నై బస్టాండు దగ్గర ఎర్ర గుడ్డ కట్టిన డబ్బా పట్టుకుని కమ్యూనిస్టు కార్యకర్తలు చేసే ఉండియల్ (హుండీ) వసూలును ఆఫీసు గదిలో అడిగే చందాతో కలపకూడదు. బస్సు కోసం నిలబడ్డవాడికి ఆ డబ్బా పట్టుకున్న కుర్రాడితో ఏ ఫైలూ లేదు, తల తిప్పుకోవచ్చు. మన తెలుగు సంఘాలు ఉగాదికి అద్దెకు తీసుకునే కార్పొరేషన్ హాళ్ళనూ ఇందులోకి లాగనక్కర్లేదు. అద్దె కట్టినంతసేపు ఆ హాలు అద్దెకు తీసుకున్నవాళ్ళది, అక్కడ లైసెన్సులు ఇవ్వరు. నిషేధం కావాల్సింది ప్రజలు పని కోసం వచ్చే గదుల్లో: వార్డు ఆఫీసు, జోనల్ ఆఫీసు, రిప్పన్ బిల్డింగు. ఇప్పుడు క్యూఆర్ కోడ్ గోడకు అంటిస్తే చాలు, అడిగే మనిషి కూడా అక్కర్లేదు కాబట్టి ఆ గోడను కూడా నిబంధనలో రాయాలి.

2022 మార్చిలో కొలువుదీరిన ఈ కౌన్సిల్ గడువు 2027 మొదట్లో ముగుస్తుంది. పార్టీలు వార్డుల్లో డబ్బు పోగుచేసే రోజులు అంతకుముందే మొదలవుతాయి.