బట్టీ పడితే వచ్చేది కాదు, అమెరికా హైస్కూల్ ఏపీ బయాలజీ

నేను అమెరికాలో హైస్కూల్ పిల్లలకు అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్ బయాలజీ, అంటే హైస్కూల్లోనే చదివే కాలేజీ స్థాయి బయాలజీ కోర్సు, చెబుతాను. అందరం ఏపీ బయాలజీ అనేస్తాం. తెలుగు తల్లిదండ్రుల దగ్గర తరచూ వినే మాటలు కొన్ని ఉన్నాయి.

అపోహ: బయాలజీ అంటే బట్టీయే కదా!

వాస్తవం: మన బైపీసీ రోజుల్లో బొమ్మ గీసి భాగాలు గుర్తిస్తే మార్కులు పడేవి. ఈ కోర్సు అలా నడవదు. కణం ఆహారం నుంచి శక్తిని తీసే క్రెబ్స్ వలయంలోని మెట్లు, ఎంజైమ్‌ల పేర్లు అసలు పరీక్ష పరిధిలోనే లేవు. మే నెలలో జరిగే మూడు గంటల పరీక్షలో 60 బహుళైచ్ఛిక ప్రశ్నలు, 6 రాత ప్రశ్నలు ఉంటాయి. రెండింటికీ చెరి సగం విలువ. పిల్లలు ఎన్నడూ చూడని ప్రయోగం ఇచ్చి, ఇందులో కంట్రోల్ (పోల్చి చూడటానికి మార్పు చేయకుండా ఉంచేది) ఏది, ఫలానా ప్రోటీన్ పనిచేయకపోతే ఏమవుతుంది, ఎందుకు అని అడుగుతారు. నోట్సు మొత్తం అప్పజెప్పగల పిల్లలు ఆ 'ఎందుకు' దగ్గరే ఆగిపోతుంటే నాకు బాధేస్తుంది. ఇంట్లో పాఠం అప్పజెప్పించుకోకండి. ఒక గ్రాఫ్ ముందుపెట్టి, ఇది ఏం చెబుతోందమ్మా అని అడగండి.

అపోహ: లెక్కలు రాకపోయినా గట్టెక్కొచ్చు.

వాస్తవం: సూత్రాల కాగితం వాళ్లే ఇస్తారు, కాలిక్యులేటర్ వాడనిస్తారు. అయినా ఏ సూత్రం ఎక్కడ వాడాలో తెలియాలి. బంగాళాదుంప ముక్కల ప్రయోగమే చూడండి. వేర్వేరు గాఢతల చక్కెర నీళ్లలో ముక్కలు నానబెట్టి, బరువు ఎంత శాతం మారిందో గ్రాఫ్ గీస్తారు. గీత సున్నాను దాటే చోటు, అంటే బరువు మారని గాఢత, 0.3 మోలార్ (లీటరుకు 0.3 మోల్‌ల చక్కెర) అనుకుందాం. 22 డిగ్రీల సెల్సియస్ దగ్గర లెక్కిస్తే ద్రావిత పొటెన్షియల్ (కరిగిన చక్కెర వల్ల నీటిని లాగే గుణానికి కొలత) సుమారు -7.4 బార్లు వస్తుంది. ముక్కలోకి నీరు ఎందుకు చేరిందో, ఎందుకు బయటికి పోయిందో ఆ అంకెతో చెప్పగలగాలి. తరగతి సమయంలో కనీసం నాలుగో వంతు ప్రయోగాలకే కేటాయించాలన్నది ఇందుకే.

అపోహ: ఈ పరీక్షలో అత్యధిక స్కోరైన 5 వస్తే మెడిసిన్‌కు సగం దారి పడినట్టే.

వాస్తవం: కాదు. ఆ స్కోరుతో చాలా కాలేజీలు క్రెడిట్ ఇస్తాయి (కాలేజీ కోర్సు చదివినట్టే లెక్కేస్తాయి), నిజమే. కానీ ఆ క్రెడిట్‌ను ఒప్పుకోని మెడికల్ స్కూళ్లు, పైస్థాయి బయాలజీ కోర్సు అడిగేవి చాలా ఉన్నాయి. పిల్లలకు ఇష్టం లేకపోతే దీనికోసం తోయకండి.

అపోహ: తొమ్మిదో తరగతిలోనే పెట్టేస్తే ముందుంటారు.

వాస్తవం: మామూలు బయాలజీ, కెమిస్ట్రీ పూర్తయ్యాక తీసుకోవాలన్నది ఈ పరీక్ష నిర్వహించే కాలేజ్ బోర్డు సిఫారసు. హైడ్రోజన్ బంధం అంటే తెలియకుండా మొదటి యూనిట్టే ముందుకు కదలదు.