కాన్ఫెడరేట్ సైన్యంలో పూర్వీకులు: నా దగ్గరికి వచ్చే అపోహలు, వాస్తవాలు

జార్జియాలో ఒక లైబ్రరీ వంశచరిత్ర విభాగంలో పనిచేస్తున్నాను. అమెరికా అంతర్యుద్ధంలో దక్షిణాది, అంటే కాన్ఫెడరేట్ రాష్ట్రాల తరఫున పోరాడిన తాతల కోసం వెతుక్కుంటూ వచ్చేవాళ్ళే ఎక్కువ. ఈమధ్య మన తెలుగువాళ్ళూ వస్తున్నారు. కోడలి వైపో అల్లుడి వైపో మనవల వంశవృక్షం పూర్తి చేయాలని వాళ్ళ తపన.

అపోహ: కాన్ఫెడరేట్ రాజధాని రిచ్‌మండ్ తగలబడినప్పుడు రికార్డులన్నీ కాలిపోయాయి.

చాలా పోయాయి, అన్నీ కాదు. 1865 ఏప్రిల్‌లో రాజధాని ఖాళీ చేస్తూ తరలించిన సైనిక కాగితాలు నార్త్ కరోలినాలోని షార్లెట్‌లో ఉత్తరాది సైన్యం చేతికి వచ్చాయి. 1903 నుంచి గుమాస్తాలు వాటిలోని వివరాలను సైనికుడి పేరు వారీగా కార్డుల మీదికి ఎక్కించారు. అవి ఇప్పుడు వాషింగ్టన్‌లోని నేషనల్ ఆర్కైవ్స్‌లో ఉన్నాయి, ఆన్‌లైన్‌లోనూ చూడొచ్చు.

అపోహ: మా తాత ఉన్న రెజిమెంట్ (సైనిక దళం) 1863 నాటి చికమాగా యుద్ధంలో పోరాడింది, కాబట్టి మా తాత కూడా అక్కడే ఉన్నాడు.

ఆ కార్డులకు మూలం మస్టర్ రోల్. ఉపాధి హామీ పనుల్లో మస్టర్ ఉంటుంది చూడండి, అలాంటిదే. రెండు నెలలకోసారి జీతం కోసం వేసిన హాజరు. 1863 సెప్టెంబరు, అక్టోబరు కార్డులో ‘హాజరు’ అని ఉన్నా, సెప్టెంబరు 19న ఆయన తుపాకీ పట్టాడో ఆసుపత్రిలో పడుకున్నాడో అది చెప్పదు. ఉత్తరాది సైన్యానికి పట్టుబడిన వాళ్ళ వివరాలే ఎక్కువ దొరుకుతాయి. విడుదలకు ముందు విధేయత ప్రమాణం చేసినప్పుడు ఎత్తు, కళ్ళ రంగు, జుట్టు రంగు కూడా రాసుకున్నారు. మొహం ఎరగని తాత రూపం ఆ ఒక్క కాగితంలో కనబడితే కళ్ళనీళ్ళు పెట్టుకున్న వాళ్ళను చూశాను.

ఒకే పేరుతో పది మంది ఉంటే టెన్షన్ పడకండి. రెజిమెంట్‌లోని ఒక్కో కంపెనీని, అంటే చిన్న దళాన్ని, సాధారణంగా ఒకే కౌంటీ (మన జిల్లా లాంటిది) నుంచి చేర్చుకునేవారు. 1860 జనాభా లెక్కల్లో మీ కుటుంబం ఏ కౌంటీలో ఉందో చూస్తే సగం పేర్లు పోతాయి.

అపోహ: అందరూ ఇష్టపడే చేరారు. 1862 ఏప్రిల్‌లోనే 18 నుంచి 35 ఏళ్ళ వాళ్ళకు నిర్బంధ సైనిక సేవ పెట్టారు. మీ తాత చేరిన తేదీ దానికి ముందా, తర్వాతా చూడండి.

అపోహ: పింఛను కాగితాలు కేంద్ర ప్రభుత్వం దగ్గరుంటాయి.

అప్పట్లో వీళ్ళకు పింఛను ఇచ్చింది రాష్ట్రాలే. అదీ పోరాడిన రాష్ట్రం కాదు, తర్వాత స్థిరపడిన రాష్ట్రం. జార్జియా రెజిమెంట్‌లో చేసి టెక్సస్‌కు వలస వెళ్ళిన వాడి దరఖాస్తు టెక్సస్‌లోనే వెతకాలి. అక్కడ 1899లో మొదలైంది. భర్త పోయాక భార్య పెట్టుకున్న దరఖాస్తునూ వదలకండి, పెళ్ళి తేదీ చాలాసార్లు అందులోనే దొరుకుతుంది.

అపోహ: వేలమంది నల్లజాతి వాళ్ళు కాన్ఫెడరేట్ సైనికులుగా పోరాడారు.

ఇది విన్నప్పుడల్లా మనసు కష్టపడుతుంది. వాళ్ళలో ఎక్కువమంది యజమాని వెంట వచ్చి వంట చేసిన, గుర్రాలను చూసిన, కందకాలు తవ్విన బానిసలు. నల్లవాళ్ళను సైనికులుగా తీసుకునే చట్టం చేసింది 1865 మార్చి 13న. నెల తిరగకముందే దక్షిణాది సేనాని జనరల్ లీ లొంగిపోయాడు. మిసిసిపీ, టెనెస్సీ తర్వాత కొందరికి పింఛను ఇచ్చాయి, సైనికులుగా కాదు, సేవకులుగా. అలాంటి ఫారం పట్టుకుని ఎవరైనా వస్తే, నేను ముందు తెరిచేది 1870 జనాభా లెక్కలు. 1860 బానిసల జాబితాలో యజమాని పేరు కింద వయసు, ఆడా మగా, రంగు మాత్రమే ఉంటాయి. చాలామంది పేరు జనాభా లెక్కల్లో మొదటిసారి కనిపించేది 1870లోనే.